కత్తిరించిన నాలుగు నిమిషాలు

టైలరమ్మ కొట్లో నెంబర్లు ఉండవు. ఎవరి గుడ్డ వచ్చినా అంచు నుంచి గోరంత ముక్కలు రెండు కత్తిరిస్తుంది. ఒకటి గుడ్డ ఇచ్చినవాళ్ళ చీటీకి, ఇంకొకటి కుట్టడం అయ్యాక పొట్లానికి గుండుసూదితో గుచ్చుతుంది. వచ్చినవాళ్ళు ముక్కకు ముక్క సరిపోల్చుకుని తీసుకుపోతారు. అంకెలు తారుమారవుతాయి గానీ గుడ్డ ఎలా అవుతుందని ఆమె ధీమా. ఇరవై ఏళ్ళుగా ఒక్క గౌను కూడా దారి తప్పలేదు కాబట్టి ఆ ధీమాకు ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆ రోజు పదకొండింటికి బ్యాంకు మేడం వచ్చేసరికి ఆవిడ పసుపు పూల గౌను అరలో లేదు. మధ్యాహ్నం ఆఫీసులో ఎవరిదో వీడ్కోలు సభ, వేసుకోవాల్సింది అదే. టైలరమ్మ అరలన్నీ తిరగేసింది, బల్ల కింద దూరింది. చివరికి కొట్లో కెమెరా గుర్తొచ్చి ఫోనులో వెనక్కి జరిపి చూసింది. తను లోపలి గదిలో ఎవరికో కొలతలు తీస్తుండగా, యాభై ఏళ్ళ ఆవిడ ఒకరు అరలోంచి పొట్లం తీసి, అటూ ఇటూ చూసి, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోతోంది.

టైలరమ్మకు ఒళ్ళు మండింది. వీడియో ఐదు నిమిషాలుంది, అంతసేపు ఎవరు చూస్తారు? కత్తిరించడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ముందున్న నాలుగు నిమిషాలు చూడనైనా చూడకుండా తీసిపారేసి, ముఖం బాగా కనిపించే ముక్క ఉంచి, "ఈ దొంగ మన వీధిలో తిరుగుతోంది, జాగ్రత్త" అని రాసి వీధి గ్రూపులో పెట్టింది. గుడ్డకైతే రెండుసార్లు కొలిచి గానీ కత్తెర పెట్టదు ఆ మహాతల్లి.

గ్రూపులో రెండువందల పన్నెండు మంది. నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడుగుతారని అడిగితే పలికే నాథుడుండడు గానీ, దొంగ అనేసరికి అందరికీ వేళ్ళు మొలిచాయి. ఒకరు తమ ఆఫీసు గ్రూపుకు పంపామన్నారు. ఇంకొకరు, ఇళ్ళల్లో పనికి వచ్చేవాళ్ళందరినీ ఓ కంట కనిపెట్టాలన్నారు. టైలరమ్మ ఒక్కో జవాబూ చదువుకుంటూ, ఏదో లోకోపకారం చేసినట్టే మురిసింది.

పన్నెండున్నరకు ఆడపడుచు దారం ఉండలు, బొత్తాలు కొనుక్కుని వచ్చింది. కొట్లో ఆర్డర్లు తీసుకునేది ఆ పిల్లే. వదిన ఫోను చూపిస్తే దాని ముఖం పాలిపోయింది.

"వదినా, ఈవిడ మన నర్సమ్మ కదా. అదే, మంచం పట్టినవాళ్ళని ఇంటికెళ్ళి చూసుకుంటుందే, ఆవిడ. పొద్దున నేనే ఫోన్ చేసి నీ గౌను అయిపోయింది, వచ్చి తీస్కోమన్నా. వదిన లోపలుంటే ముక్క చూస్కుని తీసుకెళ్ళిపో అని కూడా చెప్పా."

"ఆవిడదీ పసుపు పూలేనా?"

"ఇద్దరూ ఒకే తానులో కొన్నారు వదినా. అరలో ఆ ముక్క కనబడితే ఆవిడదే అనుకున్నా."

నర్సమ్మ గౌను బొత్తాలు కుట్టాల్సిన కుప్పలో అడుగున ఉంది. టైలరమ్మ అప్పుడు ఐదు నిమిషాలూ మొదటినుంచి చూసింది. నర్సమ్మ లోపలికొచ్చి గుమ్మం దగ్గరే ఆగింది. పిలిచినట్టుంది, పెదాలు కదిలాయి. కాసేపాగి మళ్ళీ పిలిచింది. మెషీను మీద నుంచి జారిన టేపును తీసి బల్లమీద పెట్టింది. చీటీ బయటికి తీసి, ముక్కను పొట్లం ముక్క పక్కన పెట్టి, వెలుతురుకు తిప్పి చూసి మరీ తీసుకుంది. చివర్లో అటూ ఇటూ చూసింది, చెప్పి వెళ్దామంటే ఎవరూ కనబడక.

ముందు గ్రూపులో ఉన్నది చెరిపేసింది. తర్వాత గ్రూపు పెద్ద అయిన డ్రిల్లు మాస్టారికి ఫోన్ చేసింది. ఆయన రిటైరై పదేళ్ళయినా, పొద్దున్నే గ్రూపులో ఎవరు నమస్కారం పెట్టలేదో చూసి హాజరు వేస్తాడు.

"చెరిపేశావుగా, ఇంక ఊరుకో. నువ్వు కదిపితేనే అల్లరి. నిజం నిలకడ మీద తెలుస్తుందమ్మా" అన్నాడాయన.

"అది తెలిసేలోపు ఆవిడ పని పోతుందండి" అంది టైలరమ్మ.

అప్పటికే పోయింది. ఆడపడుచుతో కలిసి వెతుక్కుంటూ వెళ్ళేసరికి నర్సమ్మ తన గదిలో మంచం అంచున కూర్చుని ఉంది. మూడేళ్ళుగా ఆవిడ చూసుకుంటున్న పెద్దాయన కూతురు, రేపట్నుంచి రావద్దని మెసేజ్ పెట్టింది. కారణం కింద ఆ వీడియోనే పెట్టింది. పసుపు పూల పొట్లం విప్పకుండా బల్లమీదే ఉంది.

టైలరమ్మ దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ పక్కన పెట్టేసింది. "తప్పు నాదమ్మా" అని మాత్రం అంది. "వీడియో మొత్తం పెట్టేస్తాను. మీరు పిలవడం, చీటీ చూసుకోవడం అన్నీ ఉన్నాయి. చూస్తే అందరికీ తెలిసిపోతుంది."

నర్సమ్మ తల అడ్డంగా ఊపింది. "మళ్ళీ నా మొహమేనా టైలరమ్మా? దొంగని కానని చూపించడానికి కూడా నేనే వీధిలో నిలబడాలా? మీ మొహం పెట్టండి."

ఆ మాట టైలరమ్మకు సూటిగా తగిలింది. ఆవిడ అడిగిందాంట్లో ఒక్క అక్షరం తీసెయ్యడానికి లేదు.

కొట్టుకి వచ్చి మెషీను ముందు కూర్చుని, వీడియో తియ్యమని ఆడపడుచు చేతికి ఫోనిచ్చింది. తన పనేమిటో, కొట్టు ఎక్కడో, ఒకే గుడ్డ ఇద్దరికి కుట్టి ముక్కలు ఎలా కలిపేశారో, చూడకుండా ఎలా కత్తిరించిందో మొత్తం చెప్పింది. "నేను దొంగ అన్నావిడ దొంగ కాదు. మీరు ఎవరికి అది పంపారో వాళ్ళకి ఇదీ పంపండి" అని ముగించింది. మాట రెండుచోట్ల తడబడింది. మళ్ళీ తీద్దామా అంది ఆడపడుచు. వద్దని, అలాగే గ్రూపులో పెట్టించింది.

దొంగ వీడియోను పంపిస్తామని పోటీపడినవాళ్ళలో దీన్ని పంపించింది తొమ్మిది మంది. మిగతావాళ్ళకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. కొందరు అయ్యో అన్నారు. ఒకాయన తనకంత తీరిక లేదన్నాడు. అది పంపడానికి తీరిక ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగబోయి నాలుక కరుచుకుంది. ఆ ప్రశ్న తననే ముందు అడగాలి కదా. బ్యాంకు మేడం మాత్రం తన ఆఫీసంతటికీ పంపి, గౌను నిదానంగా ఇవ్వమంది.

మర్నాడు కొట్టు మూసి, నర్సమ్మను వెంటబెట్టుకుని పెద్దాయన ఇంటికెళ్ళింది. కూతురు గుమ్మంలోనే నిలబెట్టి విన్నది. లోపల పెద్దాయన పొద్దుటినుంచి చెంచా నోటిదాకా రానివ్వలేదట. నర్సమ్మ గొంతు వినబడి, "వచ్చావా?" అన్నాడు మంచంమీద నుంచి. కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒక్కమాట నిన్ను అడగాల్సింది. అడక్కుండా తీసేశాను" అని పక్కకు తప్పుకుంది.

నర్సమ్మ లోపలికెళ్ళి ఆయన చేత తినిపించి వచ్చింది. రేపటినుంచి మామూలుగా వస్తానంది. ఇద్దరూ బస్సెక్కారు. టైలరమ్మ గుండె తేలికపడింది. కానీ పక్కన కూర్చున్న నర్సమ్మ మాస్కు తియ్యలేదు. రోగి దగ్గర పెట్టుకున్నదేలే అనుకుంటే, పొద్దున తన గదిలోంచి బయల్దేరేటప్పుడే అది కళ్ళదాకా లాక్కుని ఉంది.

ముందు సీటులోని ఆవిడ వెనక్కి తిరిగింది. మంచి మనిషే. "అమ్మా, ఇది చూశారా? పనివాళ్ళని పెట్టుకునేటప్పుడు జాగ్రత్త" అని ఫోను సరిగ్గా నర్సమ్మ ముందు పెట్టింది. ఇరవై సెకన్ల ముక్క. ఈ గ్రూపు, ఆ గ్రూపు తిరిగి, ఎక్కడో ముఖం చుట్టూ ఎరుపు గీత కూడా తగిలించుకుంది. నర్సమ్మ చూపు తిప్పుకోకుండా చివరిదాకా చూసింది.

"ఆవిడ దొంగ కాదండి" అంది టైలరమ్మ.

"మీకేం తెలుసు? నిప్పు లేనిదే పొగ రాదు కదా."

"ఆ వీడియో పెట్టింది నేనే. నాలుగు నిమిషాలు చూడకుండా కత్తిరించి పెట్టాను." ఆమె లేచి నిలబడింది. బస్సులో తలలు ఇటు తిరిగాయి. ముఖం వేడెక్కినా కూర్చోలేదు. మొత్తం మళ్ళీ మొదటినుంచి చెప్పింది, ఈసారి తడబడకుండా.

ముందు సీటావిడ ఫోను వంక చూసింది, టైలరమ్మ వంక చూసింది. "మరి ఆవిడ ఇప్పుడు ఎక్కడుంది పాపం?" అంది నెమ్మదిగా.

అది చెప్పే హక్కు తనకు లేదని టైలరమ్మకు ఇప్పటికి తెలిసింది. సీటు కమ్మీ పట్టుకుని అలాగే నిలబడింది. ఒక స్టాపు దాటింది.

నర్సమ్మ మాస్కు కిందికి లాగింది. "నేనేనమ్మా" అంది. "ఇంకెవరికి పంపారు మీరు?"

ముందు సీటావిడ ఒక్కొక్క పేరే చెప్పసాగింది.