రెండు రబ్బరు గొట్టాలు

కారులో హీటరు చేతులెత్తేసి వారమైంది. ఎంత తిప్పినా చల్లగాలే కొడుతోంది. ఊపిరికే ముందద్దం మసకబారిపోతోంది. రోజంతా ఇతరుల కళ్ళు పరీక్షించి అద్దాలు రాసిచ్చే మనిషి, ఒక చేత్తో గుడ్డ పెట్టి తుడుచుకుంటూ, దారి కనీకనపడక తన కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళొస్తోంది.

ఆ కారు పాతది. విడిపోయేటప్పుడు భర్త, నీకే దుకాణం దూరం, నువ్వే ఉంచుకో అని తాళాలు బల్లమీద పెట్టి వెళ్ళాడు. దాని జబ్బులన్నీ అతనికే తెలుసు. ఆమెకు తెలిసింది పెట్రోలు పోయించడం వరకే. వీధి చివర మెకానిక్, కూతురి కాన్పుకని షెడ్డుకు తాళం వేసి వెళ్ళాడు.

ఇక మిగిలింది అన్నయ్య. అతనితో మాటలు లేక రెండేళ్ళు దాటింది. చెల్లెలు విడిపోయినా బావతో స్నేహం మానలేదతను. "నీ పెళ్ళికి ముందునుంచీ వాడు నాకు స్నేహితుడు" అన్నాడు. ఆమె ఫోను పెట్టేసింది. మళ్ళీ ఆమె చేయలేదు, అతనూ చేయలేదు. పంతంలో ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే.

ఆదివారం ఉదయం ఆమే చేసింది. "పిచుకా" అన్నాడు అన్నయ్య, చిన్నప్పటిలాగే. ఆమె హీటరు సంగతి చెప్పింది. ఎలా ఉన్నావని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

ఒక్క నిమిషం అని వెళ్ళి వచ్చి, కాళ్ళ దగ్గర తివాచీ తడిగా ఉందా, తియ్యటి వాసనేమైనా వస్తోందా అని అడిగాడు. రెండూ లేవంది. మళ్ళీ ఒక్క నిమిషం. బానెట్టు ఎత్తి, ఇంజను నడవనిచ్చి, దాని వెనక గోడలోంచి కారు లోపలికి పోయే రెండు రబ్బరు గొట్టాలనూ జాగ్రత్తగా తాకి చూడమన్నాడు. ఒకటి చురుక్కుమంది. రెండోది చల్లగా ఉంది. అయితే ఆపేసి, పూర్తిగా చల్లారాక ఫోను చెయ్యమన్నాడు. "వేడి మీద మాత్రం రేడియేటరు మూత తీయకు."

ఆమె వంటింట్లో కూర్చుంది. ఉన్న రెండు కుర్చీల్లో ఒకదాని మీద ఎప్పుడూ ఇస్త్రీ బట్టలే ఉంటాయి. టైరు పంక్చరైతే దిక్కులు చూసే అన్నయ్యకు ఇన్ని సంగతులెప్పుడు వచ్చాయో ఆమెకు అంతుపట్టలేదు.

చల్లారాక మూత తీస్తే, ఇంజను వేడిని లాగే కూలెంటు ద్రవం సగానికి పడిపోయి ఉంది. ఒక గొట్టం చివర, కారి ఎండినట్టు, తెల్లగా పెచ్చు కట్టింది. మళ్ళీ ఫోను చేసి చెప్పింది. అన్నయ్య పక్కకు తిరిగి అదే మాట ఎవరికో చెప్పాడు. అతని వెనకనుంచి ఎవరో గొంతు తగ్గించి అన్నారు: "గొట్టాల్లో గాలి పట్టేసిందిరా. కారు ముక్కు పైకుండేలా ఎత్తు మీద పెట్టమను."

ఆమెకు ఆ గొంతు తెలుసు. ఫోను పెట్టేయాలనిపించింది. కానీ వేలు కదల్లేదు.

"స్పీకరు పెట్టు అన్నయ్యా. మధ్యలో నువ్వెందుకు నలిగిపోవడం?" అంది.

విడిపోయిన భర్త ఆమెను పలకరించలేదు, నేరుగా పనిలోకి దిగాడు. పెచ్చు కట్టినచోట వదులైన క్లిప్పు బిగించమన్నాడు. కారును ఇంటి ముందున్న ఏటవాలు మీద పెట్టించి, డిక్కీలో ఉన్న డబ్బాలోంచి కూలెంటు నిండా పోయించాడు. హీటరు పూర్తి వేడికి తిప్పి, మూత తీసే ఉంచి ఇంజను నడపమన్నాడు. బుడగలు గుడగుడమని వచ్చాయి. మట్టం దిగినప్పుడల్లా ఆమె పోస్తూ ఉంది. బుడగలు ఆగాయి. మూత బిగించి లోపల కూర్చుంటే, చేతుల మీదికి వెచ్చగా గాలి వచ్చింది.

"వచ్చింది" అంది.

అవతల ఎవరో కప్పు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"మట్టం మళ్ళీ తగ్గితే చెప్పు" అన్నాడతను.

"ఎవరికి చెప్పాలి?"

"మీ అన్నయ్యకి" అన్నాడు.

ఆమె సరే అంది. అన్నయ్య ఏదో అనబోయి, వచ్చే ఆదివారం నేనే చేస్తాను పిచుకా అని పెట్టేశాడు. ముందద్దం అంచులనుంచి తేటపడుతూ వచ్చింది. వెళ్ళాల్సిన చోటేదీ లేదు. అయినా వీధి చుట్టూ ఒకసారి తిరిగి, మూసిన దుకాణాలన్నీ స్పష్టంగా చూసుకుంటూ వచ్చి, కారు వాకిట్లో పెట్టింది. చాలాసేపటిదాకా ఇంజను ఆపలేదు.