సాలమ్మ రిపోర్టుకు జవాబు ఎక్కడ్నించి తెచ్చాం

కామరాజు గారూ, ఆ సర్వీసు మూసేశారని మీకు తెలుసు. తెలిసే, ల్యాబు హెడ్డుగా సాలమ్మ రిపోర్టు మీద సంతకం పెట్టారు. ఈ మాటలో నన్ను నేను మినహాయించుకోవడం లేదు.

మన నాచారం ల్యాబులో జరిగే పని ఇంతే. రక్తం వస్తుంది, మిషను జన్యువుల్ని చదువుతుంది. ఎక్కడైనా మార్పు కనిపిస్తే, దానివల్ల ఫలానా మందు ఒంటికి పడుతుందా లేదా అని మన సాఫ్ట్‌వేర్ విదేశంలోని డేటాబేసును అడుగుతుంది. మనం అడిగే పద్ధతి సోప్. ప్రతి ప్రశ్ననూ పెద్ద ఫారంలా నింపి, ఒక్క గడి తేడా రాకుండా పంపాలి. మార్చిలో వాళ్లు దాన్ని ఆపేశారు. ఇకమీదట రెస్ట్ అనే పద్ధతిలోనే అడగండని ఆరు నెలల ముందే మెయిలు పెట్టారు. రెస్ట్ బ్రహ్మవిద్యేం కాదు. బ్రౌజరులో అడ్రసు కొట్టినట్టు అడిగితే జవాబు వస్తుంది. డిగ్రీ తప్పి, ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్న నేనే రెండు రోజుల్లో రాసి మీకు చూపించాను.

"బాగానే ఉందయ్యా నరేందర్. కానీ ఆమోదం పొందిన డాక్యుమెంటులో సోప్ అని ఉంది. మారిస్తే అన్నీ మళ్లీ పరీక్షించి చూపించాలి. ఆడిట్ అయ్యాక చూద్దాం" అన్నారు.

"అప్పటిదాంక ఎట్ల సార్?"

"ఆ డేటాబేసుది నిరుడు దించుకున్న కాపీ ఉందిగా! జవాబు రాకపోతే అందులోంచి తీసుకునేలా పెట్టు. రిపోర్టులు మాత్రం ఆగకూడదు."

పెట్టాను. నా చేత్తోనే పెట్టాను. జవాబు పాత కాపీ నుంచి వచ్చిందని రిపోర్టులో ఒక్క ముక్క కూడా పడదు. పైన మాత్రం ఈరోజు తారీఖే పడుతుంది.

ఉప్పల్ సెంటరు నుంచి బండి మీద మనకు శాంపిళ్లు తెచ్చే బిక్షపతి, జూన్‌లో ఒక పొద్దున ఐస్ డబ్బాలో తన భార్య రక్తం తెచ్చాడు. సాలమ్మకు పేగు క్యాన్సర్. కీమో ఎక్కించే ముందు ఈ పరీక్ష చేయించమన్నాడు డాక్టరు.

"తమ్మీ, గిది మా ఇంటామెది. జర మంచిగ సూడు."

"నేను సూసేదేంది అన్నా, మిషనే సూస్తది."

"మిషన్‌కు నా మొకం తెల్వదు గదనే" అని నవ్వాడు.

ఆమె జన్యువులో ఒక మార్పు కనిపించింది కానీ, అది హానికరం కాదని రిపోర్టు వెళ్లింది. మందు పూర్తి మోతాదులో ఎక్కించారు. మూడో రోజు బిక్షపతి ఫోన్ చేశాడు.

"నోరంత పుండ్లయినయ్ తమ్మీ. నీళ్లు గూడ మింగుతలేదు. రిపోర్టు మంచిగనే ఉంది గదా అంటుండు డాక్టరు. మంచిగనే ఉందా?"

అదే మార్పును నా రెస్ట్ ప్రోగ్రాంతో అడిగాను. రెప్పపాటులో జవాబు వచ్చింది. ఈ మార్పు ఉన్నవాళ్ల ఒంట్లో ఆ మందు అరగదు, పూర్తి మోతాదు ఇవ్వకూడదు. ఫిబ్రవరిలోనే వాళ్లు అలా మార్చారు. మన కాపీ నిరుటిది.

ఆ జవాబు ప్రింటు తీసి, కాగితం పట్టుకుని మీ దగ్గరికి పరిగెత్తాను.

"ఆ పద్ధతి మనం ఆమోదించలేదు కదా! దాని జవాబు బయటికి ఎలా పంపుతాం?"

"జవాబు వాళ్లదే సార్. అడిగిన తీరే వేరు."

"ఒక్కటి మారిస్తే మిగతావాటి సంగతీ అడుగుతారు. రేపు మీటింగులో మాట్లాడదాం."

"అడగనియ్ సార్! అడగాలె గద!"

మీరు తలుపు చూపించారు. ఆ రేపు ఎల్లుండి అయింది, ఎల్లుండి ఆవలెల్లుండి అయింది. ఉద్యోగం పోతుందని నేనూ నోరు మూసుకున్నాను. ఆరో రోజు ఆగలేక కాగితం తీసుకెళ్లి డాక్టరు చేతిలో పెట్టాను. ఆయన చదివి కళ్లద్దాలు తీశాడు. ఈ మందుకు విరుగుడు ఒకటి ఉందట. మందు ఎక్కిన నాలుగు రోజుల్లోపు ఇవ్వాలట.

సాలమ్మ ఐసీయూలో ఉంది. ఒంట్లో తెల్లకణాలు దాదాపు లేవు. ఇక ఆశ పెట్టుకోవద్దని ఈ పొద్దున చెప్పారు. బిక్షపతి వరండాలో నా చొక్కా పట్టుకున్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"గిసొంటి రిపోర్టులు ఇంకెంతమందికి ఇచ్చిన్రు?" అని మాత్రం అడిగాడు.

లెక్క తీశాను. మార్చి నుంచి రెండువందల పన్నెండు. ఆ లిస్టు మీ టేబుల్ మీద పెట్టాను. పాత కాపీని తీసేశాను, కావాలంటే నన్ను పీకేయండి. సాలమ్మకు మీరూ నేనూ చేయగలిగింది ఏదీ మిగల్లేదు. ఈ లిస్టులో ఇంకా మందు ఎక్కనివాళ్లు ఉంటారు. రిపోర్టులన్నీ వెనక్కి పిలవండి. ప్రతిదాన్నీ రెస్ట్‌లో మళ్లీ అడిగించండి. అంతకంటే ముందు ఒక్కొక్క డాక్టరుకు మీ నోటితో మీరే చెప్పండి, మా రిపోర్టు నమ్మి మందు ఎక్కించొద్దని. ఆడిట్ అయ్యాక కాదు, మీటింగులో కాదు. ఇప్పుడే ఫోను ఎత్తండి.