నీలం పుస్తకంలో మొదటి పాఠం

సాయంత్రం ఇంగ్లీషు క్లాసుకి పుస్తకం ఎంచే పని నా నెత్తిన పడటానికి కారణం నా డిగ్రీ. పెళ్ళయినప్పటి నుంచీ బీరువాలో నిద్రపోతున్న ఆ కాయితాన్ని మా బిల్డింగు ప్రెసిడెంటు గారు ఎలాగో పసిగట్టారు. "మీరు చదువుకున్నవారు కదమ్మా" అన్నారు. ఆ మాట వెనకాలే జీతం లేని పని ఒకటి వస్తుందని ఈపాటికి నాకు తెలుసు.

క్లాసు జరిగేది కింద, నీళ్ళ మోటారు పక్క గదిలో. పదకొండు మంది పిల్లలు, ఒక టీచరమ్మ. మోటారు వేస్తే ఇంగ్లీషు వినపడదు కాబట్టి పిల్లలకి మోటారంటే ప్రాణం. పదిమంది నోరు మూయరు. పదకొండోది చిన్ని, మూడో అంతస్తు వదిన కూతురు, ఏడేళ్ళది. వదిన పోయి మూడు నెలలు. ఆ రోజు నుంచీ చిన్ని నోట్లోంచి ఒక్క మాట రాలేదు. స్కూలయ్యాక వాళ్ళ నాన్న వచ్చేదాకా మా ఇంట్లోనే ఉంటుంది. పెట్టింది తింటుంది, చూపించిన చోట కూర్చుంటుంది.

"సెలవులిచ్చేలోపు మాట్లాడకపోతే మా అక్క దగ్గరికి పంపేస్తానమ్మా" అన్నాడు ఆ అన్నయ్య, చిన్ని వాళ్ళ నాన్న. "నా వల్ల కావట్లేదు."

వాళ్ళక్క ఉండేది రెండు రైళ్ళు మారితే వచ్చే ఊళ్ళో. ఆవిడ ఒకసారి వచ్చి, పిల్ల గడ్డం పట్టుకుని, పిల్ల ముందే "మూగదైపోయిందే పాపం" అనేసి వెళ్ళింది.

పుస్తకాల షాపతను రెండు పుస్తకాలు చూసుకోమని ఇచ్చాడు, ఒకటి నీలం, ఒకటి పసుపు. మూడు రోజుల గడువు. షరతు ఒకటే: గీత పడితే వెనక్కి తీసుకోడు. రెండూ మా భోజనాల బల్ల మీద పెట్టి, మా అమ్మాయికీ చిన్నికీ చూడమని చెప్పాను. చదవాల్సింది వాళ్ళు కదా అని.

నీలం పుస్తకం రంగుల బొమ్మలతో బరువుగా, ముద్దుగా ఉంది. కానీ మొదటి పాఠమే 'నా కుటుంబం'. నాన్న పేరు రాయి, అమ్మ పేరు రాయి, అమ్మ ఫోటో ఇక్కడ అతికించు. పేజీ చూడగానే చిన్ని గుర్తొచ్చి మూసేశాను. పసుపు పుస్తకంలో ఒక ఆవు, ఒక రైలు, టోపీ పెట్టుకున్న ఎలక. ఎవరికీ అమ్మ లేదు, ఎవరూ పోలేదు.

మీటింగులో ప్రెసిడెంటు గారు నీలం పుస్తకాన్ని అరచేతిలో పెట్టుకుని తూచారు.

"ఇదేనమ్మా. చేత్తో పట్టుకుంటేనే చదువొచ్చినట్టుంది."

చిన్ని సంగతి చెబితే పదిమందిలో పిల్ల పేరు నలుగుతుంది. అందుకని, "ఎదురు బిల్డింగు వాళ్ళు కూడా అదే తీసుకున్నారటండీ" అన్నాను.

పచ్చి అబద్ధం. ఆయన పుస్తకాన్ని వేడి గిన్నెలా కింద పెట్టేశారు. "అయితే పసుపే ఖాయం చేయండి!"

టీచరమ్మ నన్ను చూసి నవ్వు దాచుకుంది. నా తెలివికి నేనే మురిసిపోతూ ఇంటికొచ్చాను.

నీలం పుస్తకం తిరిగిచ్చేముందు పేజీలు తిప్పితే మొదటి పాఠంలో పెన్సిల్ రాత కనపడింది. అమ్మ పేరు దగ్గర వంకర ఇంగ్లీషు అక్షరాలతో ఏదో పేరు. నాది కాదు. ఫోటో గడిలో ఒక తలకాయ, జుట్టు ముడి, ముడిలో గుచ్చిన పుల్ల. మా అమ్మాయి ఆటల్లో నాకు రోజుకో పేరు పెడుతుంది, ఇదీ అదే అనుకున్నాను. స్టవ్ మీద కుక్కరు రెండో కూత వేసేసరికి శుభ్రంగా రబ్బరుతో తుడిచి, పొట్టు ఊదేసి, సంచీలో పెట్టాను. నా చేతి శుభ్రత గురించి మా అత్తగారు కూడా వంక పెట్టలేదు.

సోమవారం పసుపు పుస్తకాలు పంచారు. క్లాసయ్యాక టీచరమ్మ మెట్లెక్కి రొప్పుతూ వచ్చింది.

"అక్కా, చిన్ని మాట్లాడింది! పుస్తకం చివరిదాకా తిప్పింది, మళ్ళీ మొదటికొచ్చింది. 'మా అమ్మ ఏ పేజీలో ఉంది?' అనడిగింది."

వెనకాల నిలబడ్డ మా అమ్మాయి, "నీలందాంట్లో కదా రాసింది" అంది.

"ఎవరు?"

"చిన్నే. బొమ్మ కూడా వేసింది. నేను ముట్టుకోలేదమ్మా, ఒట్టు."

ముడిలో గుచ్చింది పుల్ల కాదు, పెన్సిలు. వదిన బట్టలు కుట్టేది. కొలతలు రాసుకునే పెన్సిల్ని ముడిలో గుచ్చుకుని, అది ఎక్కడ పెట్టానా అని ఇల్లంతా వెతికేది. ఆరేళ్ళు ఒకే మెట్ల మీద ఎక్కి దిగాం. ఆవిడ నాకు వదిన, పిల్లలకి చిన్ని వాళ్ళమ్మ, వాచ్‌మన్‌కి మూడో అంతస్తు మేడమ్. పేరేమిటో నేను ఒక్కసారీ అడగలేదు. చివరికి రాసి చూపిస్తే చదివీ గుర్తుపట్టలేదు.

చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని షాపుకి పరిగెత్తాను. పుస్తకం ఇంకా అక్కడే ఉంది, కొనేశాను. వీధి దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూశాను. మొదటి అక్షరం నొక్కు కాస్త తెలుస్తోంది. మిగతాదంతా నా శుభ్రతే.

ఇంటికొచ్చి చిన్ని ముందు పేజీ తెరిచి, పక్కన పెన్సిలు పెట్టాను. "మళ్ళీ రాయమ్మా, బంగారం."

చిన్ని ఆ పేజీని వేలితో తడిమింది. గరుకుగా ఉన్నచోట వేలు ఆగింది.

"ఎవరు చెరిపారు?"

ప్రెసిడెంటు గారికి అబద్ధం చెప్పిన నోరే. ఇప్పుడు అబద్ధం రాలేదు.

"నేనేనమ్మా."

చిన్ని పుస్తకం మూయలేదు. పెన్సిలు మాత్రం నా వైపు దొర్లించేసింది.

ఏడింటికి వాళ్ళ నాన్న వచ్చాడు. "ఇవాళ రెండుసార్లు మాట్లాడింది అన్నయ్యా" అన్నాను. ఆయన మొహం వెలిగింది. మోకాళ్ళ మీద కూర్చుని, "ఏమన్నావు తల్లీ? నాకూ చెప్పు" అని బతిమాలాడు. చిన్ని బూట్ల లేసులు కట్టుకుంటూ ఉండిపోయింది. ఆయన లేచి, "మీరు నా కోసం అంటున్నారులెండి" అన్నాడు.

వదిన పేరు కనుక్కోవడం ఎంతసేపు? ఆయన్నే అడిగాను, చెప్పాడు. కానీ అది నా చేత్తో రాస్తే ఏం లాభం?

సెలవులకి ఇంకా పన్నెండు రోజులున్నాయి. రైలు టిక్కెట్లు వచ్చేశాయి. నీలం పుస్తకం బల్ల మీద అదే పేజీ దగ్గర తెరిచి ఉంటుంది. రోజూ సాయంత్రం పక్కనున్న పెన్సిలు తీసుకుని చెక్కుతాను. నిన్న చెక్కిన మొన అలాగే ఉంటుంది. అయినా చెక్కుతాను.