పొగ ఎటు వాలితే

ఆదివారం మధ్యాహ్నమైతే ఆ నలుగురూ కొరియా హోటల్లోనే తేలేవారు. దేశం కాని దేశంలో మన భాష మాట్లాడే మొహాలు ఆ నాలుగే మరి. బస్సు నడిపే బాబాయి పట్టకారుతో మాంసం తిప్పేవాడు. మందుల షాపు అక్క కత్తెరతో ముక్కలు కోసేది. కత్తెరతో మాంసం కొయ్యడమేమిటని మొదట్లో మూతి విరిచింది కూడా ఆవిడే. లిఫ్టు మెకానిక్కు తినడానికిచ్చే పుల్లలతో కాసేపు కుస్తీ పట్టి, చివరికి చేత్తోనే కానిచ్చేవాడు. అతని ఎదురుగా కూర్చునే నర్సు తన పచ్చడి గిన్నె మెల్లగా అతని వైపు జరిపేది.

బల్ల మధ్యలో పొయ్యి, దాని మీద మాంసం, దాన్నుంచి పొగ. ఆ హోటల్లో పొగ గాలిని బట్టి పోదు. ఎవరిని ఎవరైనా తలుచుకుంటే వాళ్ల వైపు వాలుతుంది. మనకి పొలమారడం ఎలాగో అక్కడ పొగ అలాగ, అంతే. హోటలు ముసలమ్మ అది చూసి, వాళ్ల ముందు ఇంకో గిన్నెడు చారు పెట్టి పోయేది. బాబాయి వైపు వాలితే పిన్ని తలుచుకుందనీ, అక్క వైపు వాలితే కూతురికి ఒంట్లో బాగాలేదేమోననీ అనుకుని మళ్లీ తిండిలో పడేవాళ్లు. నర్సు వైపు మాత్రం అది ఎన్నడూ వాలలేదు.

ఎక్కువగా వాలేది మెకానిక్కు వైపే. కళ్లు మండి నీళ్లు కారుతుంటే మురిసిపోయేవాడు. భార్య మాటా మాటా పెరిగి పుట్టింటికి వెళ్లిపోయింది. ఫోను చేస్తే ఎత్తదు. అయినా మనసులో తనని తలుచుకుంటూనే ఉందని అతని ధీమా.

తలుచుకుంటున్నది ఆమె కాదని నర్సుకి తెలుసు. ఓసారి అనుమానమొచ్చి, తింటున్నంతసేపూ లోలోపల ఎక్కాలు చదువుకుంది. పొగ గడకర్రలా నిటారుగా నిలబడింది. ఎక్కం వదిలి అతని మొహంలోకి చూసిందో లేదో, పొగ వెళ్లి అతని కళ్లలో పడింది. దూరాన ఉన్నవాళ్లే తలుచుకుంటారని అందరి లెక్క. ఎదురుగా కూర్చున్న మనిషి మీద బెంగ పెట్టుకునేవాళ్లుంటారని ఎవరనుకుంటారు? పైగా లోకమంతా నర్సులని పిలిచినట్టే అతనూ ఆమెని సిస్టర్ అనేవాడు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆమెకి ముద్ద దిగేది కాదు.

ఆ ఆదివారం అతను కూర్చుంటూనే, రేపు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఇంటికెళ్లిపోతున్నానన్నాడు. కాళ్లు పట్టుకునైనా భార్యని తెచ్చుకుంటాడట.

"ఇంతగా తలుచుకునే మనిషిని ఇంకా ఏడిపిస్తే పాపం కదా సిస్టర్," అన్నాడు.

నర్సు అవునంది. అని, రెండో ఎక్కం మొదలుపెట్టింది.

పొగ నిటారుగా లేచింది. ఒక వాయి అయిపోయి రెండో వాయి పడింది. అతను కుర్చీ ఇటు జరిపాడు, అటు జరిపాడు. చివరికి పొయ్యి మీదకే మొహం వంచాడు. పొగ అతన్ని తప్పించుకుని పైకి పోయింది. ముసలమ్మ చారు గిన్నెతో వచ్చి, చూసి, వెనక్కి తీసుకెళ్లిపోయింది.

"మర్చిపోయినట్టుంది," అన్నాడతను. నవ్వబోయాడు గానీ కుదరలేదు.

అయితే రాజీనామా మాట కట్టిపెట్టమని బాబాయి నచ్చజెప్పసాగాడు. అతను తల ఊపాడు. నర్సు పదమూడో ఎక్కంలో ఉంది. ఇంకొంచెం ఓపిక పడితే అతను ఉండిపోతాడు. వచ్చే ఆదివారం, ఆ పై ఆదివారం ఇలాగే ఎదురుగా కూర్చుంటాడు. అంతకు మించి ఆమె ఏ దేవుణ్ణీ ఏమీ కోరలేదు.

మెకానిక్కు ముట్టని కంచం పక్కకి నెట్టి లేచాడు.

ఆమె ఎక్కం మధ్యలోనే వదిలేసి అతన్ని మనసారా తలుచుకుంది. పొగ ఒక్కసారిగా వాలి అతన్ని నిలువునా చుట్టేసింది. అతను దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ మళ్లీ కూలబడ్డాడు. ఇంకేం, వెళ్లిరా నాయనా అంటూ బాబాయి వీపు తట్టాడు. ముసలమ్మ చారు తెచ్చి పెట్టింది. మెకానిక్కు కంచం దగ్గరికి లాక్కుని ఆవురావురుమంటూ తినసాగాడు.

అక్క కత్తెర పక్కన పెట్టి నర్సు చెవి దగ్గరికి వంగింది.

"ఇందాకట్నించీ నీ పెదాలు కదులుతుంటే చూస్తూనే ఉన్నానే. ఎందుకాపావు? ఉండిపోయేవాడు కదా."

"ఏమీ తినకుండా లేచిపోతున్నాడక్కా," అంది నర్సు.