చూసి ఎత్తిన చెయ్యి

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లను చాలామందిని చూశాను గానీ, ఆ వాసాలనే ఊడబీకేవాణ్ని మొన్ననే చూశాను. వాడు నా శిష్యుడు వీరేంద్ర. నా షెడ్డు కూల్చడానికి కౌన్సిల్లో చెయ్యెత్తాడని తెలిసిన పూట నేను అన్నం ముట్టలేదు.

షెడ్డంటే పాత సంతబజారు వెనకాల రేకుల షెడ్డు. ఇరవై రెండేళ్లుగా అందులో పిల్లలకు బాక్సింగ్ నేర్పుతున్నాను. నాతవరం నుంచి షేర్ ఆటోలో వేలాడుతూ వచ్చే వీరేంద్ర అక్కడే మొదటిసారి గ్లౌజులు తొడిగాడు. జాతీయ పోటీల్లో వెండి పతకం తెచ్చాడు. పతకం మెడలో ఉండగానే పార్టీవాళ్లు దాని మీద కండువా వేశారు. కౌన్సిలరయ్యాడు, వైస్ చైర్మన్ అయ్యాడు, వచ్చేసారి చైర్మన్ వాడేనని ఊళ్లో అనుకుంటున్నారు. షెడ్డు స్థలంలో షాపులు కట్టాలన్న తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ఆ ఒక్కటీ మనవాడిదే.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వచ్చాడు.

"ఏటొచ్చావు? రేకులు లెక్కెట్టుకోడానికా?" అన్నాను.

"నాకు తెల్దు మాస్టారూ. ఎజెండా కాయితంలో షెడ్డు మాట నేదు. ఆకర్న కలిపి బేగి సదివీసారు. చైర్మన్ గారు నాకు ఎడమపక్క కూకుంటారు. మనోళ్లంతా సెయ్యెత్తితే నానూ ఎత్తీసినాను."

ఎడమపక్క అనేసరికి నాకు సంగతి అర్థమైంది.

వాడి ఎడమ చెవి జాతీయ పోటీలకు ముందే పోయింది. ప్రాక్టీసులో పడిన దెబ్బ. అప్పుడే ఆట ఆపమంటే ఆపేవాడే, నేనే ఆపమనలేదు. మెడికల్ టెస్టులో డాక్టరు వాడి వెనక నిలబడి గుసగుసగా అంకెలు చెబుతుంటే, ఎదురుగా నిలబడి వేళ్లతో ఆ అంకెలు చూపించిందీ నేనే. ఎదుటివాళ్ల చేతులు చూసి నెట్టుకురావడం నేర్పిన గురువును నేను. ఈ సంగతి మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. పిలిస్తే పలకడం లేదని, అది పదవి వచ్చిన పొగరని వాడి భార్య పుష్పవతి కూడా అనుకుంటుంది.

"ఇప్పుడేటి సేస్తావురా?"

"ఇనబడక ఎత్తినానని కమిషనర్ గారికి రాసిస్తాను. మళ్లీ ఓటింగ్ ఎట్టమంటాను."

"సెవిటోడికి చైర్మన్ పదవి ఎవుడిస్తాడు?"

"ఇవ్వరు" అన్నాడు మామూలుగా, బెంచీ మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాడు.

నాకు భయం వేసింది. వాడి పదవి గురించి కాదు. చెవి ఎప్పుడు పోయిందని, ఎలా పోయిందని అడుగుతారు కదా. డాక్టర్ని మోసం చేసిన కోచ్ దగ్గరికి ఏ తల్లి పిల్లల్ని పంపుతుంది? సిగ్గు విడిచి చెబుతున్నాను, షెడ్డు పోతే పోయిందిలే అనిపించింది ఆ నిమిషంలో.

రాయడం అయ్యాక కాగితం, పెన్ను నా చేతికిచ్చాడు. "తప్పులుంటే దిద్దండి మాస్టారూ."

కళ్లజోడు పెట్టుకుని చదివాను. "చిన్నతనంలో వచ్చిన జ్వరం వల్ల నాకు ఎడమ చెవి వినబడదు" అని రాశాడు.

ఆ వాక్యం రెండుసార్లు చదివాను. వాడు నా ముఖంకేసి చూడకుండా రింగు తాడు బిగిస్తున్నాడు. ఆ కింది వరుసలో 'తీర్మాణం' అని ఉంది. ణ కొట్టేసి న అని దిద్ది, కాగితం తిరిగి ఇచ్చేశాను.