గద్దెక్కిన కొలబద్ద

నేను ఒక నీటి కొలబద్దను. ఇనుప పట్టీగా పుట్టి, తెల్లరంగు పూయించుకుని, ఒంటినిండా అంకెలు రాయించుకున్నాను. మురుగుకాలువ సముద్రంలో కలిసేచోట, ఉప్పలమొగ అనే పల్లెలో నన్ను పాతారు. నీళ్ళు నా పాదం నుంచి ఎంతవరకు ఎక్కితే అంత అంకె. అంతకుమించి నాకు చదువు లేదు.

అయినా పెద్ద చదువులన్నీ నా మీదే నిలబడ్డాయి. తుఫానొస్తే ఏ ఊరు ఎంత మునుగుతుందో ముందే చెప్పే లెక్కను పట్నంలో కంప్యూటరుకు నేర్పారు. అంతకుముందు సముద్రపు ఉప్పెనను ఒక ఆఫీసు, వానను ఇంకో ఆఫీసు లెక్కగట్టేవి, ఆ రెండూ వంతులు వేసుకుని వస్తాయన్నట్టు. కొత్త లెక్క తెలివైనది. సముద్రం పొంగితే వాననీరు కాలువలోంచి బయటికి పోలేక ఊరి మీదికే తిరుగుతుందని దానికి తెలుసు. తెలియనిదల్లా నేను ఎక్కడ నిలబడ్డానో.

రోజూ నా అంకె చూసి పట్నం ఆఫీసుకు ఫోనులో చెప్పే పని లోవరాజుది. అతని భార్య పేరంటాలుకు భక్తి ఎక్కువ. ఊరిని కాచేదాన్ని బురదలో ఉంచడం ఆమెకు నచ్చలేదు. రెండడుగుల సిమెంటు గద్దె కట్టించి, నన్ను పెకలించి దానిమీద ప్రతిష్ఠించింది. పసుపు, బొట్టు, ఏటా కొబ్బరికాయ. ఆ తర్వాత ఊళ్ళో మోకాలిలోతు నీళ్ళున్నా నేను సున్నాయే చూపించాను. లోవరాజు నిజాయితీపరుడు, సున్నా అనే చెప్పాడు. కంప్యూటరు సంతోషించి, ఉప్పలమొగ మునగని ఊరని తేల్చింది. గద్దె మీది దేవుడికి కిందివాళ్ళ గోడు వినిపిస్తుందనే నా నమ్మకం. కొలబద్దకు మాత్రం వినిపించదు.

కార్తీకంలో తుఫాను వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఖాళీ చేయించారు. మా ఊరికి మాత్రం భయం లేదని ఫోనుల్లో కబురొచ్చింది. లోవరాజు ఇంట్లో కోడలు నిండు చూలాలు. పేరంటాలు నాకో దండం పెట్టి అన్నం వండుకుంది. మధ్యాహ్నం ఇంజనీరు చక్రధర్, మునగని ఊరికి ఫొటో తీద్దామని జీపులో దిగాడు. నన్ను చూసి నిలబడిపోయాడు.

"ఎవరు దీన్ని పైకెత్తింది?"

"మేమేనండి. అమ్మోరిని బురదలో ఉంచుతామా ఏంటండి?" అంది పేరంటాలు.

"అమ్మోరేంటమ్మా, కొలబద్ద! ఇన్నాళ్ళూ మీరు చెప్పిన అంకెలన్నీ రెండడుగులు తక్కువ!"

"నేను ఉన్నదే చెప్పానండి," అన్నాడు లోవరాజు. "ఎక్కడ నుంచుందో మీరడగలేదు కదండి."

"మరి ఫోనులో భయం లేదన్నారు కదండి బాబూ?" అంది పేరంటాలు.

"ఆ మాట మాకు చెప్పింది ఇదేనమ్మా!"

ఆమె నావంక ఒక్కసారి చూసి, మొగుడివైపు తిరిగింది. "ఏంటయ్యా అలా నిలబడ్డావ్? కోడల్ని జీపెక్కించు! మీ తగువులు షెల్టర్లో తీర్చుకుందురుగాని."

కోడలితో మొదలై, సాయంత్రానికి జీపు ఊరందరినీ తుఫాను షెల్టరుకు చేర్చింది. ఆ వెనకే సముద్రం పొంగింది, కాలువ వెనక్కి నడిచింది. పేరంటాలు ఇంటి చూరు మునిగింది.

ఇప్పుడు ఆఫీసు గోదాంలో తుప్పు పడుతున్నాను. నా సున్నాలన్నీ కంప్యూటరులో ఇంకా భద్రంగానే ఉన్నాయట. నీళ్ళు నా చిట్టచివరి అంకెను దాటిన ఆ సాయంత్రం మాత్రం ఏ లెక్కలోనూ ఎక్కలేదు. అది చదవడానికి ఊళ్ళో ఒక్క ప్రాణీ లేదు. అందుకు, చేతులు లేకపోయినా, దేవుడికి నేనూ ఒక దండం పెట్టుకున్నాను.