చక్రవర్తి కిరీటానికి ఇత్తడి మాటు

నైలు వరద మా పై చేల అంచుకైనా రాకుండానే వెనక్కి తగ్గిన ఏడు అది. శిస్తు మాత్రం తగ్గలేదు. అదీ బంగారంగానే కట్టాలి. కట్టలేక పామూన్ తమ్ముడు ఫీబ్ పట్నంలో ఖైదులో పడ్డాడు.

పామూన్ ఇంట్లో బంగారమంటే అతని భార్య తెక్లా మెడలో వేలాడే నాణెమొక్కటే. తెక్లాకు ఇద్దరు పిల్లలు పోయాక, మూడోవాడైనా నిలవాలని ఆమె తల్లి దానికి చిల్లు పొడిపించి మెడలో కట్టింది. నాణెం మీది చక్రవర్తి ముఖం ఒంటికి తగిలేట్టు వేసుకోవడం మా ఆడవాళ్ల అలవాటు. మరిది శిస్తు కట్టి విడిపించమని తెక్లా అడక్కుండానే దాన్ని తీసి ఇచ్చింది.

వాళ్లిద్దరినీ నా పడవలోనే ఏరు దాటించాను. తూకం దగ్గరికి నేనూ వెళ్లాను.

తూకం చూసే హోరియోన్ నాణేన్ని రాతిమీద వేశాడు. సరిగా మోగలేదు. సూదిమొనతో పొడిచాడు. కిరీటం పైనుంచి చిన్న ఇత్తడి ముక్క ఊడి పళ్లెంలో పడింది.

"ఓరి మీ తెలివి తెల్లారా! చక్రవర్తిగారి కిరీటానికి ఇత్తడి మాటేశారే!"

జనం ఒకటే నవ్వు.

"ఇంట్లో బిందెలు కూడా పట్రండయ్యా, తూచేస్తాడు!" అన్నాడొకడు.

"చిల్లుతోనే తెస్తే తరుగు తీసి పుచ్చుకునేవాణ్ణి కదయ్యా," అన్నాడు హోరియోన్. "రోజూ ఎన్ని రావడం లేదు! ఇది మోసం. ఎవరు పూడ్చారు?"

పామూన్ భార్యవైపు చెయ్యి చూపించాడు. "ఆడది... దానికేం తెలుసయ్యా."

చిల్లుంటే పుచ్చుకోరేమోనన్న భయంతో ముందురోజు మా రేవులో కూర్చుని ఆ ముక్కను దిగ్గొట్టింది అతనే. నేను చూశాను. తెక్లాకూ తెలుసు. ఆమె తలమీది గుడ్డ ముందుకు లాక్కుని, "అవునయ్యా, నేనే" అంది. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

"ఆడమనిషివని వదిలేస్తున్నా. నాణెం ఇక్కడే ఉంటుంది. మీవాడు అక్కడే ఉంటాడు. పొండి!"

తిరుగు పడవలో పామూన్, "ఏమే..." అన్నాడు.

"తెడ్డు తగుల్తది. ఇటు జరుగు," అంది తెక్లా.

తెల్లారి పామూన్ ఒక్కడే రేవుకొచ్చాడు. పట్నంలో హోరియోన్ బల్ల ముందు, జనం బాగా చేరేదాకా ఆగాడు. అప్పుడు అందరికీ వినబడేట్టు, "మాటేసింది నేను. నా భార్య కాదు. తమ్ముణ్ణి వదిలి నన్నుంచుకోండి," అని రెండు చేతులూ ముందుకు చాచాడు.